హస్తవాసికి చార్జింగ్ పెట్టండి

"ఈ తరం పిల్లలు వేరండీ. వీళ్లకి బ్లాక్‌బోర్డూ డస్టరూ పనికిరావు. వీళ్లు పుట్టడమే చేతిలో ఫోనుతో పుట్టారు." వైద్య విద్య మీద ఏ సదస్సుకి వెళ్లినా మొదటి స్లైడులో ఈ మంగళాచరణం తప్పదు. రెండో స్లైడులో కళ్లకి నల్లటి పెట్టె తగిలించుకుని గాల్లో చేతులాడిస్తున్న తెల్లకోటు కుర్రాడి బొమ్మ. మూడో స్లైడులో ధర ఉండాలి గానీ ఉండదు. అది భోజనాలయ్యాక పక్కకి పిలిచి చెబుతారు.

'డిజిటల్ నేటివ్' అనే మాటని మార్క్ ప్రెన్‌స్కీ అనే అమెరికన్ 2001లో చలామణీలోకి తెచ్చాడు. ఆయన లెక్కలో అప్పటి కాలేజీ పిల్లలు డిజిటల్ సీమకి స్థానికులు, వాళ్ల పంతుళ్లు బతకడానికి వలస వచ్చినవాళ్లు. ఆ స్థానికులకి ఇప్పుడు నలభై దాటాయి. జుట్టు పల్చబడింది, షుగర్ మాత్ర మొదలైంది, అసోసియేట్ ప్రొఫెసర్లయ్యారు. ఇప్పుడు వాళ్లనే ఏసీ హాల్లో కూర్చోబెట్టి "కొత్త తరం మీకు అర్థం కాదు" అని వర్క్‌షాపు పెడుతున్నారు. ఇరవై ఏళ్ల తర్వాత ఇప్పటి పిల్లలకీ ఇదే సత్కారం జరుగుతుంది. హాలు మారుతుందేమో.

పోనీ, మన రెండు రాష్ట్రాల్లో మెడిసిన్ సీటు కొట్టిన పిల్ల సంగతే చూద్దాం. ఇంటర్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో ఉంది. అక్కడ ఫోను కంటపడితే వార్డెన్ లాక్కుంటాడు. అమ్మతో మాట్లాడాలంటే ఆదివారం క్యూలో నిలబడాలి. పొద్దున్న లేచింది మొదలు రాత్రి దాకా స్టడీ అవర్లు, బైండు చేసిన మెటీరియల్, వారం వారం టెస్టు. ఆఖరికి నీట్‌లో 180 ప్రశ్నలకి బాల్‌పెన్నుతో ఓఎంఆర్ షీటు మీద సున్నాలు దిద్ది వచ్చింది. ఇంత అచ్చమైన కాగితం చదువు తాళపత్రాల కాలంలో కూడా ఎవరూ చదివి ఉండరు. ఆ పిల్ల కాలేజీలో అడుగుపెట్టిన మర్నాడే "నువ్వు తెర లేకుండా నేర్చుకోలేవు తల్లీ" అని తేల్చేస్తారు. పాపం, పిల్ల కూడా నమ్ముతుంది. రెండేళ్ల తర్వాత ఫోను చేతికొచ్చింది మరి.

తెరల్లో అగ్రపూజ వర్చువల్ డిసెక్షన్ టేబుల్‌ది. మనిషి పడుకునేంత పొడుగు. ప్రారంభోత్సవం రోజు దానికి బంతిపూల దండ వేస్తారు. తెర పాడవుతుందని కంపెనీ ఇంజినీరు గోలపెడుతున్నా ఓ మూల పసుపూ కుంకుమా అద్దుతారు. ముఖ్య అతిథి వేలితో గీస్తే చర్మం ఊడుతుంది. ఇంకోసారి గీస్తే కండరాలు పోతాయి, ఇంకోసారి గీస్తే గుండె బయటపడుతుంది. చప్పట్లు. రక్తం లేదు, ఫార్మలిన్ ఘాటుకి కళ్లు మండవు. ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుప్పచ్చగా, కాలెండర్‌లో దేవుళ్లలా ఎవరి రంగు వాళ్లదే. తప్పుగా కోస్తే వెనక్కి తీసుకునే బటన్ కూడా ఉంది.

ఇబ్బందల్లా, మన జనం లోపల ఇలా రంగులేసుకుని పుట్టకపోవడం. డిసెక్షన్ హాల్లో శవం ముందు నిలబడి కొవ్వు తీసుకుంటూ లోపలికి వెళ్తే నరం, సిర, వాటిని చుట్టుకున్న పొర అన్నీ ఒకే మాసిన రంగులో ఉంటాయి. ఏది ఏదో కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. ధమని గోడ మందంగా తగులుతుంది. సిర నలిగిపోతుంది. నరం లోపల బోలు లేకుండా గట్టిగా ఉంటుంది. పైగా పుస్తకంలో చెప్పిన చోట ఉండాలని వాటికి రూలేమీ లేదు. ఈ బల్ల మీద ఉన్న కొమ్మ పక్క బల్ల మీద ఉండదు. "ఒరేయ్, మావాడికి రెండున్నాయి రా, వచ్చి చూడండి" అని పక్క బ్యాచ్‌ని పిలుచుకోవడంలోనే సగం అనాటమీ వస్తుంది. రేపు గాల్‌బ్లాడర్ తీసేటప్పుడు అక్కడి ధమని ఎటు తిరిగి వస్తుందో తెలియక చెయ్యి ఆగేది ఇలాంటి పిల్లలకే. ఆగాలి కూడా. బటన్ ఉందనుకున్నవాడి చెయ్యి ఆగదు.

ఇలాంటి డిజిటల్ శరీరాలకి ఓ మూలపురుషుడున్నాడు. 1993లో టెక్సాస్‌లో మరణశిక్ష అమలైన 39 ఏళ్ల ఖైదీ. తన దేహాన్ని సైన్సుకి రాసిచ్చాడు. అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ తలపెట్టిన విజిబుల్ హ్యూమన్ ప్రాజెక్ట్ కోసం దాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు చొప్పున అరగదీసుకుంటూ, 1,871 పొరలుగా ఫొటోలు తీసి, 1994లో లోకానికి విడుదల చేశారు. గొప్ప పనే, కాదనను. కాకపోతే ఆ మూలపురుషుడికి అపెండిక్స్ లేదు. బతికుండగానే తీసేశారు. మన పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీ హౌస్‌సర్జన్ దగ్గరికి పొట్ట పట్టుకుని వచ్చేవాడికి మాత్రం అది ఉంటుంది. వాచి మరీ ఉంటుంది.

ఇక స్కిల్ ల్యాబ్, అంటే రోగి కంటే ముందు బొమ్మ మీద చెయ్యి తిప్పుకునే గది. జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలోనూ ఉండి తీరాలి. ఉంది. తలుపుకి తాళం కూడా ఉంది. తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర, స్టోర్‌కీపర్ లీవులో. ఒక జిల్లా కాలేజీలో, పేరెందుకు గానీ, తలుపు తీయించి చూశాను. బొమ్మ మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉంది. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కిన సరుకు, చిరిగితే ఎవరి జీతంలోంచి కోస్తారోనని ఎవరూ ముట్టుకోలేదు. సెలైన్ పెట్టడం నేర్పడానికి కొన్న రబ్బరు చేతి మీద ఒక్క సూదిపోటు లేదు. నిగనిగలాడుతోంది. సరిగ్గా దాని కింది అంతస్తులో మెడికల్ వార్డులో ఓ ముసలమ్మ మోచేతి దగ్గర నాలుగు పోట్లు, చుట్టూ కమిలిన నీలం. ఐదో పోటుకి హౌస్‌సర్జన్ కుర్రాడు టోర్నికే బిగిస్తుంటే "పర్వాలేదు నాయనా, కానీ" అంటోంది. ఆవిడ చెయ్యి ఏ స్టాక్ రిజిస్టర్‌లోనూ లేదు.

బొమ్మల మీద నాకు కోపం లేదు. నార్వేలో ఆటబొమ్మలు చేసే అస్ముండ్ లేర్డాల్ 1960లో 'రెసస్సి యాన్' అనే బొమ్మని తయారుచేశాడు. గుండె ఆగితే ఛాతీ ఎలా నొక్కాలో, ఊపిరి ఎలా ఊదాలో లోకానికి నేర్పింది ఆ బొమ్మే. గొంతులోకి ట్యూబు వేయడం, కాన్పులో బిడ్డ భుజం ఇరుక్కుంటే తప్పించడం, ఇలాంటివి మొదటిసారి మనిషి మీద చేస్తే పాపం. బొమ్మ మీదే చేయాలి. నా పేచీ బొమ్మ వచ్చింది కదా అని మనిషిని పంపించెయ్యడంతో.

ఎందుకంటే యాప్‌లో ఉండే రోగి బహు బుద్ధిమంతుడు. "55 ఏళ్ల పురుషుడు. పొగతాగే అలవాటు. అరగంటగా రొమ్ము ఎముక వెనక నొప్పి, ఎడమ చేతికి పాకుతోంది, చెమటలు పడుతున్నాయి. నిర్ధారణ ఏమిటి?" కింద నాలుగు ఆప్షన్లు. ఓపీకి వచ్చే మనిషికి ఇంత క్రమశిక్షణ ఎక్కడిది? "గ్యాసు పట్టేసింది సారూ. రాత్రి పెళ్లిలో బజ్జీలు తిన్నా. సోడా తాగినా దిగలే" అంటాడు. నొప్పి ఎక్కడ అంటే వేలు పెట్టి చూపించడు, రొమ్ము మీద పిడికిలి బిగిస్తాడు. ఆ పిడికిలి చూసి ఈసీజీకి పరిగెత్తిన కుర్రాడు పాసైనట్టు. బీడీలు కాలుస్తావా అంటే పక్కన భార్య నిలబడి ఉంది గనక "ఎప్పుడో మానేశా సార్" అంటాడు. ఆవిడ మొహం తిప్పుకుంటుంది. జవాబు రోగి నోట్లో లేదు, ఆవిడ మొహం తిప్పుకోవడంలో ఉంది. ఏ క్వశ్చన్ బ్యాంకులోనూ దీన్ని ఆప్షన్ సీగా పెట్టలేదు.

రోగి ఒంటి మీద వేళ్లతో తట్టి లోపల ఏముందో పోల్చుకునే పద్ధతిని లియోపోల్డ్ ఔవెన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు 1761లో పుస్తకంగా రాశాడు. గ్రాట్స్ ఊళ్లో సత్రం నడిపేవాడి కొడుకు. మద్యం పీపాలని తట్టి ఎంతవరకు నిండి ఉందో చెప్పడం అతనికి చిన్నప్పుడే అబ్బిందని చెబుతారు. రెండున్నర శతాబ్దాలుగా ఈ విద్య చేతి మీద చెయ్యి వేసి నేర్పితేనే వచ్చింది. ప్లీహం వాచిన రోగి దొరికిన రోజున వార్డులో ఏం జరుగుతుందో చూడండి. కుర్రాడు కంగారుగా ఎడమ డొక్కలో వేళ్లు గుచ్చి వెతుకుతుంటాడు. రోగి ముడుచుకుపోతాడు. పెద్ద డాక్టరు కుర్రాడి చేతి మీద తన చెయ్యి పెట్టి, బరువు తగ్గించి, "నువ్వు వెతక్కురా. చెయ్యి అక్కడ ఉంచు చాలు, అదే వస్తుంది. పెద్దాయనా, గట్టిగా ఊపిరి తియ్యి" అంటాడు. ఊపిరి లోపలికి పోగానే వేలి అంచుకి ఏదో వచ్చి తగిలి, వెనక్కి జారుకుంటుంది. కుర్రాడి మొహం వెలుగుతుంది. ఆ తగలడం ఒకసారి తెలిస్తే రిటైరయ్యేదాకా మర్చిపోడు. ఇదే దృశ్యాన్ని ఫోర్‌కే కెమెరాతో తీసి పెట్టారు, బ్రహ్మాండంగా ఉంది. అందులో కనబడేది ఒక పొట్ట, ఒక చెయ్యి.

అయితే ఆ పెద్ద డాక్టరు ఎక్కడ దొరుకుతాడు? అసలు చిక్కు అది. తెర కొనాలంటే టెండరు పిలిస్తే చాలు. దేహదానం కోసం ఊరూరా తిరిగి నాలుగు ముక్కలు చెప్పాలంటే ఓపిక కావాలి. ప్రొఫెసర్‌ని జిల్లాకి రప్పించాలంటే జీతం, క్వార్టరు, పిల్లలకి స్కూలు, అన్నీ చూడాలి. 2022 నవంబరు 15న తెలంగాణలో ఎనిమిది ప్రభుత్వ మెడికల్ కాలేజీల తరగతులని అప్పటి ముఖ్యమంత్రి ప్రగతి భవన్‌లో కూర్చునే ఆన్‌లైన్‌లో ప్రారంభించారు. డిజిటల్ వైద్య విద్యకి ఇంతకంటే శుభారంభం ఏముంటుంది? తర్వాత పాఠం చెప్పేవాళ్లు చాలడం లేదని కమిషన్ నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ కాలేజీలకి నోటీసులొచ్చాయి. మీట నొక్కితే కాలేజీ వచ్చింది గానీ ప్రొఫెసర్ రాలేదు.

నిజానికి మన వైద్య విద్యలో అన్నిటికంటే శ్రద్ధగా అమలైన సాంకేతిక పరిజ్ఞానం హాజరు యంత్రం. ఆధార్ వేలిముద్రతో మొదలై, 2025 మే నుంచి ముఖం చూసి, ఎక్కడున్నాడో చూసి హాజరు వేసే దాకా వచ్చింది. పంతులు వచ్చాడా లేదా అన్నది ఉపగ్రహం చూస్తుంది. పాఠం చెప్పాడా లేదా అన్నది చూడడానికి ఇంకా ఏ గ్రహమూ ఖాళీగా లేదు. 2025లో మెడికల్ కాలేజీల తనిఖీల గోల్‌మాల్ మీద సీబీఐ పెట్టిన కేసులో, ఒకచోట నకిలీ వేళ్లతో హాజరు వేయించారన్న ఆరోపణ కూడా ఉంది. ఇందులోనూ మనం మొదటివాళ్లం కాదు. 2013లోనే బ్రెజిల్‌లో ఒక డాక్టరమ్మ ఆరు సిలికాన్ వేళ్లతో దొరికిపోయింది, సహోద్యోగుల తరఫున హాజరు వేస్తూ. మనిషి రాకపోయినా వేలు వస్తోంది. స్కిల్ ల్యాబ్‌లో రబ్బరు చెయ్యి, హాజరు యంత్రం దగ్గర రబ్బరు వేలు. మిగతా అవయవాలు కూడా ఒక్కొక్కటిగా సమకూరితే పూర్తి సైజు ప్రొఫెసర్ తయారవుతాడు.

పిల్లలని అని ప్రయోజనం లేదు. వార్డులో రౌండ్సు జరుగుతుంటే వెనక వరసలో ఫోన్లో ప్రశ్నలు తిప్పుకుంటారు నిజమే. వాళ్ల బతుకుని తేల్చేది ఆ మంచం మీది మనిషి కాదు, నీట్ పీజీలో వచ్చే 200 ప్రశ్నలు. దానికీ ఒక దశలో విలువ తీసేశాం, 2023లో సీట్లు మిగిలిపోతుంటే కౌన్సెలింగ్ అర్హతని సున్నా పర్సంటైల్‌కి దించాం. 800కి మైనస్ 40 వచ్చినవాడూ అర్హుడయ్యాడు.

ఇప్పుడు ఏఐ వచ్చింది. ఇది మాత్రం మామూలు సరుకు కాదని ఒప్పుకోవాలి. 2025లో లాన్సెట్ వారి పత్రికలో పోలండ్ నుంచి ఒక అధ్యయనం వచ్చింది. పెద్దపేగులో కెమెరా పెట్టి చూసే అనుభవజ్ఞులైన డాక్టర్లకి తోడుగా ఏఐని ఇచ్చారు. కొన్ని నెలల తర్వాత, అది లేకుండా చేసిన పరీక్షల్లో ఎంతమందిలో అడినోమా గడ్డలు పట్టుకున్నారో చూస్తే, అంతకుముందు 28.4 శాతం ఉన్నది 22.4కి దిగింది. చేయి తిరిగినవాళ్ల సంగతే ఇలా ఉంటే, ఇంకా చెయ్యే తిరగనివాడికి మొదటి రోజునుంచే ఊతకర్ర ఇస్తామంటున్నారు. దీన్నీ ఎవరో ఒకరు ఘనంగా ప్రారంభిస్తారు. ఇంతకుముందు ఇలాగే ఘనంగా వచ్చి, ఆపరేషన్ థియేటర్లని ఉద్ధరిస్తుందన్న గూగుల్ గ్లాస్ కళ్లజోడు అమ్మకాలు 2023లో ఆగిపోయాయి. అమెరికాలో కేస్ వెస్టర్న్ వర్సిటీ వాళ్లు అనాటమీ పాఠాలు కట్టుకున్న హోలోలెన్స్ కళ్లజోడు తయారీని మైక్రోసాఫ్ట్ 2024లో ఆపేసింది. ఇవి పోయాక కూడా రోగుల పొట్టల్లో ప్లీహం ఎడమవైపే ఉంది. పరికరం గొప్పదైతేనే పని జరుగుతుందనీ లేదు. సికింద్రాబాదులో 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జాడ పట్టుకున్నప్పుడు ఆయన మైక్రోస్కోపు స్క్రూలు చెమటకి తుప్పుపట్టి ఉన్నాయని, మిగిలిన ఒక్క ఐపీస్ పగిలి ఉందని ఆయనే రాసుకున్నాడు. మన తనిఖీ బృందం చూసి ఉంటే ఆ ల్యాబుకి గుర్తింపు ఇచ్చేది కాదు.

అందుకని నేనూ ఒక పరికరం కొనమని ప్రతిపాదన పంపుదామనుకుంటున్నాను. స్పెసిఫికేషన్: ఇనుప మంచం ఒకటి, దాని మీద నిజంగా జబ్బుపడ్డ మనిషి ఒకరు, ఆ మనిషి అనుమతి, పక్కన కూర్చోవడానికి స్టూలు, చుట్టూ పదిమందికి మించని పిల్లలు, రోజూ తొమ్మిదింటికి వచ్చి ఆ స్టూలు మీద కూర్చుని పన్నెండు దాకా లేవని ఒక మాస్టారు. చార్జింగ్ అక్కర్లేదు. మాస్టారికి పదకొండింటికి టీ ఒకటి ఇస్తే చాలు. ఫైలు ఆఫీసులో ఇచ్చాను. మూడు కంపెనీల కొటేషన్లు జతచేయలేదని వెనక్కి పంపారు.