థర్డ్ స్ట్రీట్ పిల్లిని

నా పేరు టైగర్. చారల పిల్లిని. కాలిఫోర్నియాలోని సాంటా మోనికాలో, సముద్రానికి దగ్గరగా ఉండే థర్డ్ స్ట్రీట్ నా వీధి. దిక్కులేకుండా ప్రిన్సెస్ యూజీనియా అపార్ట్‌మెంట్ ముందు తిరుగుతున్న నన్ను 303లో ఉండే ఆవిడ చేరదీసింది.

పొద్దునా సాయంత్రమూ కిందికి వచ్చేది. కాలిబాట మీద గొంతుక్కూర్చుని తిండి పెట్టి, నేను తింటుంటే వీపు నిమిరేది. పక్కనే తెల్లగడ్డం ముసలాయన నిలబడేవాడు. ఇరుగుపొరుగుకి వాళ్లు చార్లీ, కేరల్ గాస్కోలు. అద్దె ఎప్పుడూ నగదే. ఐస్‌లాండ్ నుంచి వచ్చి కొన్నాళ్లు మా చుట్టుపక్కల ఉండే ఒకావిడ నా దగ్గర ఆగేది. నా వల్లే ఆవిడకీ కేరల్‌కీ మాటలు కలిశాయి.

2011 జూన్‌లో ఎఫ్‌బీఐ 14 నగరాల టీవీల్లో ప్రకటన వేసింది, ఆడవాళ్లు చూసే పగటి కార్యక్రమాల మధ్య. అందులో చూడమన్నది పరారీలో ఉన్న ముసలాయన్ని కాదు, అతని వెంట ఉన్న కేథరిన్ గ్రేగ్‌ని, అంటే మా కేరల్‌ని. ఆ ప్రకటన గురించిన వార్త చూసి ఐస్‌లాండ్ ఆవిడ నాకు అన్నం పెట్టిన మనిషిని గుర్తుపట్టి ఫోన్ చేసింది. జూన్ 22న, గ్యారేజీలో మీ లాకరు ఎవరో పగలగొట్టారని చెప్పి ముసలాయన్ని కిందికి రప్పించి పట్టుకున్నారు. ఇంటి గోడల్లో 30 తుపాకులు, 8,22,000 డాలర్లు దొరికాయి. మర్నాడు పొద్దున ఆవిడ దిగి రాలేదు.

ఆ ముసలాయన జేమ్స్ వైటీ బల్జర్. బోస్టన్ వింటర్ హిల్ ముఠా నాయకుడు. ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్ కూడా. అరెస్టు చేయబోతున్నారని 1994 డిసెంబరులో ఉప్పందించింది ఆ సంస్థలోనే పనిచేసి రిటైరైన అధికారి. పదహారేళ్లు దొరకలేదంటే మొదటి కారణం అదే. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు మనుషులు. ఇక్కడ కళ్లు మూసుకున్నది కాపలా కాయాల్సినవాళ్లు.

1982 మే నెల సంగతి చెప్పాలి. ముఠా చేసిన హత్యల గురించి ఒకడు ఎఫ్‌బీఐకి చెబుతున్నాడని ఆ ఎఫ్‌బీఐ లోపలినుంచే బల్జర్ చెవిన పడింది. బోస్టన్ రేవు దగ్గర అతన్ని ఇంట్లో దింపుతానని కారెక్కించుకున్నాడు తెలిసిన లారీ డ్రైవరు. ముఠాతో ఏ సంబంధమూ లేనివాడు, ముగ్గురు కొడుకుల తండ్రి. తూటాలకి ఇద్దరూ పోయారు. ఆ డ్రైవరు కుటుంబం ప్రభుత్వం మీద గెలిచిన నష్టపరిహారాన్ని, దావా ఆలస్యంగా వేశారని అప్పీలు కోర్టు 2011లో కొట్టేసింది. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే. ఆలస్యం ఎవరిది?

తిన్నింటి వాసాలు లెక్కపెట్టానని నన్ను అనేవాళ్లు ఉంటారు. ఆవిడ చెయ్యి చల్లనిదే, కాదనను. ఆవిడకి ఎనిమిదేళ్ల శిక్ష పడినందుకు నా మనసు కష్టపడింది. అయినా నా గిన్నెలో పడిన తిండిని ఆ పిల్లల తండ్రి ప్రాణంతో తూచలేను. బల్జర్ దొరకడమే న్యాయం.

2013లో 11 హత్యల్లో అతని పాత్ర రుజువై రెండు యావజ్జీవాలు పడ్డాయి. 2018 అక్టోబరు 30న వెస్ట్ వర్జీనియా జైల్లో హత్యకు గురయ్యేనాటికి అతనికి 89 ఏళ్లు. ఆ లారీ డ్రైవరు పోయేనాటికి 32.