ముందు పుట్టిన పాపానికి

అమెరికా పెద్దల ముందుచూపును తక్కువ చేసి మాట్లాడకండి. 1980 మే 9న ఫ్లోరిడాలో గాలివానకు దారి కానరాని ఓడ ఒకటి సన్‌షైన్ స్కైవే వంతెనను గుద్దితే 35 మంది నీళ్లపాలయ్యారు. పెద్దలు వెంటనే ఆలోచనలో పడ్డారు. పదకొండేళ్లు ఆలోచించి, 1991లో మార్గదర్శకాలు రాశారు. 1994 నుంచి కొత్త వంతెనలన్నీ వాటి ప్రకారమే కట్టాలన్నారు. మరి అప్పటికే కట్టేసినవో? వాటి యజమానులు ఓపికుంటే ప్రమాదం లెక్క వేసుకోవచ్చన్నారు. ఓడలు వంతెన పుట్టినతేదీ కనుక్కుని మరీ గుద్దుతాయని నమ్మారు కాబోలు.

బాల్టిమోర్‌లోని ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన 1977లో పుట్టింది. అదే దాని నేరం. మూడేళ్లకే బ్లూ నగోయా అనే ఓడ అదుపు తప్పి దాని స్తంభం దగ్గర ఢీకొట్టింది. వంతెనకు ఏమీ కాలేదు. ఇంకేం, ధీమా! ఆ ఓడ పొడవు దాదాపు 120 మీటర్లే అన్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? తర్వాతి నాలుగు దశాబ్దాల్లో ఓడలు 300 మీటర్లకు పెరిగాయి. అంతంత ఓడలు రావాలని రేవులో భారీ క్రేన్లు నిలబెట్టారు. ఓడ వచ్చే దారిలోని స్తంభాలకు కాపలాగా పెట్టిన నాలుగు దిమ్మెలు మాత్రం చిన్నవిగానే మిగిలాయి.

2024 మార్చి 26, అర్ధరాత్రి దాటింది. డాలీ అనే ఓడ కొలంబోకు బయల్దేరింది. కరెంటు పోయింది. వచ్చింది. మళ్లీ పోయింది. (మనకిది అలవాటే గానీ, మన ఇళ్లు వంతెనల వైపు కొట్టుకుపోవు.) ఓడలో ఒక తీగకు తగిలించిన పేరు చీటీ అడ్డొచ్చి, ఆ తీగ బిగింపులో పూర్తిగా కూర్చోలేదట. దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ తేల్చిన మూలం అదే. ఇన్ని వేల టన్నుల ఇనుమును ఒక చీటీ ముక్క నడిపించింది.

దిమ్మెలను దాటుకుని ఓడ స్తంభం మీదికే వెళ్లింది. పైలట్ల హెచ్చరికతో పోలీసులు నిమిషాల్లో వాహనాలు ఆపేశారు, మెచ్చుకోవాల్సిందే. వంతెన మీద రోడ్డు గుంటలు పూడుస్తున్న కూలీలకు మాత్రం ఆ కబురు అందలేదు. ఆరుగురు పోయారు. అందరూ మెక్సికో, మధ్య అమెరికాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. రోడ్డు మీద గుంటలు కనబడిన వంతెన యజమానికి కింద స్తంభం కనబడలేదు!

ఆ మీదట తిలాపాపం తలా పిడికెడు. ఓడ యజమాని 1851 నాటి చట్టం దుమ్ము దులిపి, తన బాధ్యత 4.4 కోట్ల డాలర్లు దాటదన్నాడు. టైటానిక్ యజమానులు ఆశ్రయించిన చట్టమే అది. వంతెన యజమాని తప్పంతా ఓడదే అన్నాడు. ఓడ సిబ్బంది 21 మందిలో 20 మంది మన దేశస్థులు. వాళ్ల ఫోన్లు ఎఫ్‌బీఐ పట్టుకెళ్లింది. ఓడ మీద పడ్డ వంతెన ఇనుమును పేల్చేటప్పుడు కూడా వాళ్లను దిగనివ్వలేదు. లెక్క వేయడం మరిచినవాళ్లకు ఇలాంటి ఇబ్బంది కలిగినట్టు వినలేదు.

ఆ లెక్క చివరికి ఎన్‌టీఎస్‌బీయే వేసింది. కీలక వంతెనలకు ఎంత ప్రమాదం వరకు ఒప్పుకోవచ్చో, కీ వంతెనకు దాదాపు 30 రెట్లు ఉందట. ఈ లెక్కకు సిమెంటు అక్కర్లేదు, ఇనుము అక్కర్లేదు, కాగితం చాలు. పొరుగున డెలావేర్ మెమోరియల్ వంతెనకు రాళ్లు నింపిన ఎనిమిది పెద్ద గుండ్రటి దిమ్మెల కాపలా పెట్టడానికి వేసిన ఖర్చు అంచనా 9.3 కోట్ల డాలర్లు. కీ వంతెనను మళ్లీ కట్టడానికి 2025 నవంబరు నాటి అంచనా 430 నుంచి 520 కోట్ల డాలర్లు. పొదుపంటే ఇదీ!

లెక్క వేసుకోని వంతెనలు ఇంకా 68 ఉన్నాయని, 19 రాష్ట్రాల్లోని వాటి యజమానులు ఇప్పటికైనా వేయాలని 2025 మార్చిలో ఎన్‌టీఎస్‌బీ చెప్పింది. అవన్నీ కూలుతాయని కాదు. కూలవని చెప్పే కాగితం అప్పటికి ఎవరి దగ్గరా లేదని. అమెరికాలో పిల్లల్ని చూడబోయిన మన అమ్మానాన్నలు తప్పక ఫోటో దిగే గోల్డెన్ గేట్ వంతెన కూడా ఆ జాబితాలో ఉంది. అక్కడ పన్నులు కట్టే తెలుగువాళ్లు ఈసారి తమ ప్రతినిధికి ఒక ఉత్తరం రాసి, లెక్క ఎంతవరకు వచ్చిందో అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.