కాటా పక్కన కంప్యూటరు

మా రోజుల్లో సర్వరు కొనడమంటే ఇంట్లో పెళ్లి చేసినంత పని. చక్కెర ఫ్యాక్టరీ ఈడీపీ విభాగంలో, అంటే కంప్యూటర్ల విభాగంలో, ముప్పై ఏళ్లు చేసినవాణ్ణి, నాకు తెలుసు. ఐదేళ్ల తర్వాత ఎంత అవసరమో ఈరోజే రాసివ్వాలి. రైతులెందరు పెరుగుతారో, లెక్కలెన్ని వస్తాయో ఎవరు చెప్పగలరు? తక్కువ రాస్తే చెరకు క్రషింగ్ మధ్యలో యంత్రం చతికిలబడుతుంది, తిట్లు నాకు తగులుతాయి. అందుకని అంచనాకు సగం కలిపి రాసేవాణ్ణి. ఇండెంటు, టెండరు, బేరాలు, బోర్డు ఆమోదం అన్నీ అయ్యి పెట్టె గేటు దాటేసరికి ఒక సీజను గడిచిపోయేది.

వచ్చాక మాత్రం ఏమైంది? సీజను నాలుగు నెలలూ దానికి ఊపిరాడదు. చెరకు తూచే కాటా ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ప్రతి బండికీ చీటీ కొట్టాలి, రైతు ఖాతాలో టన్నులు ఎక్కించాలి, బిల్లు తయారుచేయాలి. ఆ తర్వాత ఎనిమిది నెలలూ ఏసీ గదిలో కరెంటు తింటూ కూర్చునేది. డబ్బు మొదటి రోజే పోయింది, తరుగుదల ఏటా రాసుకున్నాం. అది చెరకు పండించినవాళ్ల డబ్బు. తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

ఇప్పుడు సర్వరును అమ్మకుండా వాడకానికి ఇచ్చే పద్ధతులొచ్చాయి, హెచ్‌పీఈ గ్రీన్‌లేక్, డెల్ అపెక్స్, లెనోవో ట్రూస్కేల్ అంటున్నారు. ర్యాక్ తెచ్చి మన గదిలోనే పెడతారు. యంత్రం వాళ్లది, తాళం మనది. రేపు అక్కరకొస్తుందని కొంత సామర్థ్యం అదనంగా ముందే బిగించి ఉంచుతారు. వాడినదాన్ని మీటరు లెక్కగట్టి నెలకోసారి బిల్లు పంపుతారు. 2022 నాటికి తన సరుకంతా ఇలా సేవగా కూడా ఇస్తానని హెచ్‌పీఈ 2019లోనే ప్రకటించింది. ఇలాంటిది మాకు అప్పుడు దొరికి ఉంటే ఐదేళ్ల జోస్యం చెప్పే పని తప్పేది.

ఇదేదో కొత్తగా కనిపెట్టామన్నట్టు కుర్రాళ్లు చెబితే మాత్రం ఒప్పుకోను. ఐబీఎం తన యంత్రాలను అద్దెకిచ్చిన కాలం ఒకటుంది. సిస్టమ్ 360లో వాడకం మీటరే ఉండేది. నెలకు 176 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటల చొప్పున 22 రోజులు, మామూలు అద్దెలో వచ్చేవి. అంతకు మించితే అదనం. పెద్దవాళ్లను అడిగితే చెప్పేవారు కదా!

కుర్రాళ్ల మీద నా అసలు కోపం వేరే ఉంది. లెక్కలన్నీ ఎక్కడో దూరాన ఉన్న డేటా సెంటరుకు ఎక్కించి, అదే అభివృద్ధి అనుకుంటారు. రోడ్డు వెడల్పు చేస్తూ ఎవరో కేబుల్ తెంపితే కాటా ఆగిపోతుంది. కోసిన చెరకు ఎండలో నిలబడితే బరువు తగ్గుతుంది, పంచదార శాతం పడిపోతుంది. ఆ నష్టం ఆఫీసులో కూర్చున్నవాడిది కాదు, రాత్రంతా బండి మీద పడుకున్న రైతుది. పైగా అక్కడ పెట్టిన సమాచారం ఎక్కువగా బయటికి తీసుకున్నా రుసుమే. కాటాకు యంత్రం పక్కగదిలో ఉండాలి. పక్కగదిలో ఉంచుకుని, వాడినంతకే డబ్బు కట్టే వీలు వచ్చింది కాబట్టే ఈ పద్ధతి నాకు నచ్చింది.

అయితే మీటరు చూసేవాడేడీ? మా రోజుల్లో ప్రింటరు కాగితం కూడా లెక్కపెట్టి ఇచ్చేవాళ్లం. ఇప్పటివాళ్లు పరీక్ష కోసం పది వర్చువల్ మెషీన్లు తెరిచి, అలాగే వదిలేసి ఇంటికి పోతారు. కుళాయి కట్టేయని ఇంట్లో నీళ్ల బిల్లు తగ్గుతుందా?

సంతకం పెట్టబోయే అబ్బాయిలకూ అమ్మాయిలకూ నా మాట ఒకటే. ఒప్పందంలో కనీస వాడకం ఎంత రాశారో చదవండి. ఆ గీత కిందికి దిగినా అంత డబ్బూ కట్టాల్సిందే. సీజను లేని నెలల లెక్క వేసి, ఆ గీతను కిందికి దించమని గట్టిగా బేరమాడండి. గడువు తీరాక ర్యాక్ వెనక్కి వెళ్లేటప్పుడు రైతుల ఖాతాలున్న డిస్కులు ఎవరి దగ్గర ఉంటాయో అడిగి, ఆ జవాబును కాగితం మీద రాయించుకోండి.