అట్టపెట్టెలో అగ్నిపర్వతము

మన పట్టణములలోని ప్రైవేటు బడులయందు శాస్త్రవిద్య ఎంతటి ఉన్నతస్థితి నందుకొన్నదో తెలిసికొనగోరువారు, ఏటేట జరుగు సైన్సు ప్రదర్శననాడు ఏదేనొక రెండవ తరగతి గదిలోనికి తొంగిచూడవలెను. ఎఱ్ఱరంగు పూసుకొన్న థర్మోకోలు అగ్నిపర్వతములు అచ్చట బారులు తీరియుండును. దేశము మొత్తముమీద సజీవమైన అగ్నిపర్వతము అండమానులలోని బారెన్ ద్వీపమున ఒక్కటియే కలదని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు గాని, పాపము, వారు మన బడులను లెక్కలోనికి తీసికొనలేదు.

వంటసోడాపై వెనిగరు పోయగనే బుసబుస పొంగు నురుగును చూపి, ఇది లావాయని మెడపట్టీ కట్టిన చిరంజీవి గుక్క తిప్పుకొనక అప్పగించును. పొంగించినది బొగ్గుపులుసు వాయువు. నిజమైన అగ్నిపర్వతమునందో, కరగిన శిల తనలో చిక్కుకొన్న వాయువుల ఒత్తిడిచే ఎగదన్నును. అందు సోడాయు లేదు, వెనిగరును లేదు. కాని తప్పు చెప్పినను తడబడక చెప్పినవానికే కదా బహుమానము! అర్ధరాత్రివరకు మేల్కొని ఆ గుట్టను అతికించిన తల్లిని విడిచి, గమ్ముసీసా మూతయైనను తీయని బాలుని మెడలో పతకము వేయుట మాత్రము ఘోరమైన అన్యాయము.

ఆకు తన ఆహారమును తానే వండుకొను విధమును ఆంగ్లమున పదునాలుగక్షరముల మాటతో వల్లించు బాలిక, బడి ఆవరణలో వేపచెట్టు మొదట చీమలబారును చూచుచు నిలిచినచో, సైన్సు పీరియడు పాడుచేయుచున్నదని చీవాట్లు తినును.

భారములేని చదువు కావలెనని ఆచార్య యశ్‌పాల్ సంఘము 1993లోనే నివేదించెను. ఒకటి రెండు తరగతులకు భాషయు గణితమును తప్ప వేఱొక పాఠ్యవిషయము పెట్టరాదనియు, సంచి బరువు 1.5 కిలోలు మించరాదనియు 2018లో కేంద్రప్రభుత్వము ఆదేశించెను. యాజమాన్యములు పరమభక్తితో ఆలకించి, సైన్సు పుస్తకమును పిల్లల సంచినుండి తీసి బడి అలమరలో నుంచి, దాని వెలను తల్లిదండ్రుల సంచినుండి తీసికొన్నవి.

అయినచో ఏడేండ్ల పసివానికి శాస్త్రము పట్టుపడదందురా? పట్టుపడకేమి! రాత్రి నానవేసి, మఱునాడు తడిగుడ్డలో మూటగట్టిన పెసలు ఒకటి రెండు దినములలో పగిలి, ముందుగా తెల్లని వేరును వెలికి చాచును. ఆ మొలకను తలక్రిందుగా త్రిప్పి తడిదూదిపై నిలిపిన, వేరు మెలమెల్లగా వంగి మరల నేలదిక్కునకే దారితీయును. చీకటిగదిలో నుంచినను అంతియే. కన్ను లేని వేరునకు క్రిందేదో పైయేదో ఎవరు చెప్పిరని బాలుడు తప్పక అడుగును. ఈ ప్రశ్న ప్రశ్నపత్రమున రాదు, గైడులో దీనికి జవాబు లేదు, మార్కులు అసలే లేవు; కావుననే ఇట్టి పనికిమాలిన సంగతులకు ఐఐటీ ఫౌండేషను టైంటేబిలులో తావు దొరకలేదు.

తల్లులారా, తండ్రులారా, ఈ రాత్రియే గుప్పెడు పెసలు నానవేయుడు. పిల్లవాడు అడిగినదానికి జవాబు మీకు తెలియకున్నచో, తెలియదనియే వానితో చెప్పుడు.