డబ్బా లాగదప్పా: టీకా తాత్పర్య సహితం

అవతారిక

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ అనే కంప్యూటర్ ఆట నాలుగు పర్వాలుగా లోకంలో వ్యాపించి ఉంది. మొదటి పర్వం 1997లో, రెండోది 1999లో, మూడోది 2005లో వెలువడ్డాయి. నాలుగోది వెలుగు చూడ్డానికి మరో పదహారేళ్ళు పట్టి 2021 అయింది. 2002 నాటి ఏజ్ ఆఫ్ మైథాలజీని ఉపపురాణంగా లెక్కగట్టి ఇక్కడ వదిలేశాం. చెట్టు కొట్టడం, పొలం వేయడం, కోట కట్టడం, పక్కవాడి కోట పడగొట్టడం, అన్ని పర్వాలకూ కథ ఇంతే. మరి ఏది ఆడాలి? కర్నూలు, కడప ఇంజనీరింగ్ కాలేజీల హాస్టళ్ళలో ఈ సందేహం ఏటా ఫస్టియర్ పిల్లలకు కలుగుతుంది. సీనియర్లు దానికి ఒకే వాక్యంతో బదులిస్తారు. వాక్యం చిన్నది, అర్థం పెద్దది, పిల్లలు చిన్నవాళ్ళు. అందువల్ల ఈ టీక అవసరమైంది.

మూలం

"ఒకటోదానికి దండం పెట్టు, రెండోది ఎక్కించుకో, మూడోదాని మాటెత్తాకు, నాలుగోది మన డబ్బా లాగదప్పా."

కర్తృత్వం

వివాదాస్పదం. 'ఎత్తాకు' అన్నాడు కాబట్టి మావాడేనని కడపవాళ్ళు అంటారు. ఆ మాట మేమూ అంటామని కర్నూలువాళ్ళు. 1953లో వచ్చిన రాజధాని 1956లో చేజారింది, ఇప్పుడు ఈ వాక్యం కూడా వదులుకోవాలా అని వాళ్ళ బాధ. టీకాకారుడు ఇందులో తల దూర్చడు.

ప్రతిపదార్థం

ఒకటోదానికి = తొలి పర్వానికి; దండం పెట్టు = గౌరవించు, ఆడమాకు; రెండోది = రెండో పర్వాన్ని (ఏ ప్రతి అన్నది కింద చూడాలి); ఎక్కించుకో = పెన్ డ్రైవ్ నుంచి సిస్టమ్‌లోకి దింపుకో (ఎక్కడమూ దిగడమూ ఇక్కడ ఒకటే); మూడోదాని మాట = మూడో పర్వపు ప్రసక్తి; ఎత్తాకు = తేవద్దు; నాలుగోది = కొత్తగా వచ్చిన పర్వాన్ని; మన = నాయన అప్పు చేసి కొనిచ్చిన; డబ్బా = ల్యాప్‌టాప్; లాగదు = మోయలేదు, నడపలేదు, నడిపినా ఫ్యాను మోతకు పక్క రూమువాళ్ళు తలుపు తడతారు; అప్పా = సంబోధన. ఇక్కడ ఓదార్పు.

మూలకర్త 'ఎక్కించుకో' అన్నాడే గాని 'కొనుక్కో' అనలేదు. అది ఆయన హృదయం. అందుకు టీకాకారుడు బాధ్యుడు కాడు.

ఒకటోదాని విశేషం

డల్లస్‌లోని ఎన్‌సెంబుల్ స్టూడియోస్ వాళ్ళు దీన్ని చేసిన కాలంలో జనాభా పరిమితి యాభై. మనుషుల్ని ఒక్కొక్కర్నే పుట్టించాలి. ఒకడు పుట్టేదాకా ఆగి, మళ్ళీ పోయి ఇంకొకడికి చెప్పాలి. వరుసగా అయిదుగుర్ని ముందే చెప్పిపెట్టే వసతి మరుసటేటి అనుబంధంలో గాని రాలేదు. ఇదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఇంకొకటుంది: ఇందులో గోడలున్నాయి, వాకిళ్ళు లేవు. ఊరి చుట్టూ గోడ పూర్తిగా కట్టుకుంటే శత్రువు లోపలికి రాలేడు, నిజమే. నీ సైన్యమూ బయటికి పోలేదు. జమ్మలమడుగు దగ్గరున్న గండికోటకు పోయినవాడెవడైనా ఇనుప మేకులు దిగ్గొట్టిన ఆ పెద్ద తలుపుల ముందు నిలబడి ఉంటాడు. కోట బలమంతా గోడలో కంటే ఆ వాకిట్లోనే ఉందని వాడికి తెలుస్తుంది. తొలి పర్వకర్తలు గండికోట చూడలేదు. రెండో పర్వానికి వాకిళ్ళు పెట్టారు కాబట్టి ఎవరో చెప్పి ఉంటారు. దండం పెట్టి ముందుకు పోదాం.

రెండోదాని విశేషం

టీక బరువంతా ఇక్కడే. ముందుగా సేద్యం సంగతి చూడాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో ఆడేవాళ్ళలో సగానికి సగం రైతుబిడ్డలు.

ఆటలో అరవై కట్టెలు చెల్లిస్తే నలుచదరంగా ఒక పొలం లేస్తుంది. ఎద్దులు లేవు, గొర్రు లేదు, గుంటక లేదు. ఒక మనిషి దాంట్లో అటూ ఇటూ తిరుగుతూ చేత్తో కెలుకుతుంటాడు. 175 తిండి తీశాక పొలం బీడు పడుతుంది. మళ్ళీ అరవై కట్టెలు. ఎన్ని గంటలాడినా వాన ప్రసక్తి రాదు. ఇది చేనా, మడా? వాన లేకుండా పండుతుంది గనక చేను కాదని పత్తికొండ, ఆలూరు పక్షం. కాలువ పారదు గనక మడి కాదని కె.సి. కెనాల్ కింద సాగు చేసే నంద్యాల, మైదుకూరు పక్షం. బోరుమడి అని సర్దుకుందామంటే, బోరు వేసిన అప్పు ఆటలో ఎక్కడా కనిపించదు. ఏం పండుతుందో కూడా చెప్పరు. కర్నూలువాడు బుడ్డలనుకుంటాడు, కడపవాడు శనక్కాయలనుకుంటాడు, ఆ విధంగా ఇద్దరూ ఒకే పంట పండించుకుంటారు.

పాఠభేదాలు తెలుసుకోవడానికి ఈ ఒక్క పొలం చాలు. 1999 ప్రతిలో పొలం బీడు పడితే ఆటగాడే వెతుక్కుంటూ పోయి మళ్ళీ వేయాలి. కోట దగ్గర యుద్ధం భగ్గుమంటుంటే ఇక్కడ ఆరుగురు రైతులు చేతులు జారవేసుకుని నిలబడి ఉంటారు. 2000లో వచ్చిన 'ది కాంకరర్స్' అనుబంధంలో మిల్లు దగ్గర కట్టెలు ముందే కట్టిపెట్టే వసతి వచ్చింది: ఇన్ని పొలాలకు ఇంత అని చెల్లించి పోతే, బీడు పడ్డప్పుడల్లా అవే లేస్తాయి. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్‌లో ముందు కట్టే పని కూడా లేదు. కట్టెలు నిల్వ ఉంటే చాలు, పొలం తనంతట తానే మళ్ళీ మొలుస్తుంది. సబ్సిడీ బుడ్డల విత్తనానికి పాసుబుక్కు, ఆధార్ పట్టుకుని వరుసలో నిలబడిన మనిషికి ఈ మూడు ప్రతుల మధ్య తేడా ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "అయ్యా, కొత్త పర్వం ఉండగా పాతదాన్ని పట్టుకుని వేలాడటమెందుకు? ఏ వస్తువైనా కొత్తది మేలు కదా?"

సమాధానం. రెండోది పాతదని ఎవరన్నారు? దాని మీద పని ఆగితే గదా పాతబడేది. అసలు చేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్ 2009లో మూతపడింది. కాని అంతకంటే ఆశ్చర్యమైన సంగతి తర్వాత జరిగింది. ఆట మీద ప్రేమ కొద్దీ కొందరు అభిమానులు చేరి, జీతం నాతం లేకుండా, కొత్త జాతుల్నీ కొత్త యుద్ధాల్నీ చేర్చి ఫర్‌గాటెన్ ఎంపైర్స్ పేరుతో ఒక పూరణ చేశారు. అది ఎంత బాగా అతికిందంటే 2013లో దాన్నే అధికారిక అనుబంధంగా స్వీకరించారు. డెఫినిటివ్ ఎడిషన్ పని చేసినవాళ్ళూ వాళ్ళే.

తెలుగువాడికి ఇది వింతేమీ కాదు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. తిక్కన ఆ ఖాళీని ముట్టకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు. రెండింటి మధ్య మిగిలినదాన్ని ఎర్రన పూరించాడు. పూరించి, తన రాజుకు కాక నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. అందరికంటే ఆఖరున వచ్చి, అందరికంటే పాతదాన్ని బాగుచేసి, అతుకు కనబడకుండా పోయినవాడు ఎర్రన. డెఫినిటివ్ ఎడిషన్ అంటే అది. కాబట్టి మూలంలోని 'రెండోది' అన్న పదానికి 2019 ప్రతి అనే అర్థం చెప్పుకోవాలని టీకాకారుడి నిశ్చయం.

మూలకర్త ఉద్దేశం అది కాదని తెలుసు. ఆయన చేతి పెన్ డ్రైవ్‌లో ఉన్నది 1999, 2000 సంవత్సరాల ప్రతి. ముప్పై రెండు ఎంబీల ర్యామ్ ఉన్న సిస్టమ్‌లో నడిచేది అది. 2019 ప్రతి కనీసం నాలుగు జీబీలు అడుగుతుంది. హాస్టల్లో ఎనిమిది మంది ఒక తీగకు కట్టుకుని ఆడాలంటే అందరి దగ్గరా ఉండేదే ఆడాలి. ఒక్కడి దగ్గరున్న మంచి ప్రతి ఎవరికీ పనికిరాదు. ఈ వాదన బలమైనదే. అయితే బ్రౌన్ దొర ఇట్లా అనుకుని ఉంటే మన పని ఏమయ్యేది? 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన ఆ మనిషి, ఊళ్ళో దొరికిన ఏదో ఒక తాటాకు ప్రతి చాలనుకోలేదు. ఒక్కో కావ్యానికి నాలుగు చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, పండితుల్ని సొంత జీతం మీద కూర్చోబెట్టి, పోల్చి, దిద్ది, శుద్ధప్రతి రాయించాడు. జూలూరి అప్పయ్య వంటివాళ్ళ చేత వసుచరిత్రకు టీక చేయించాడు. ఆయన బంగళా ఉన్న ఎర్రముక్కపల్లెలో ఇప్పుడు ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. ఆ ఊరి పిల్లలే అపపాఠం పట్టుకుని ఆడితే ఎట్లా?

2019 ప్రతి పక్షాన ఇంకొక యుక్తి ఉంది. 1999లో పదమూడు జాతులుండేవి, మన దేశం వాసన లేదు. ఏనుగెక్కి యుద్ధం చేయాలంటే పర్షియన్లుగా పుట్టాల్సి వచ్చేది. 2013లో 'ఇండియన్స్' అని ఒక్క మూటగా కట్టి తెచ్చారు. 2022 ఏప్రిల్‌లో ఆ మూట విప్పి హిందుస్థానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులు అని వేరు చేశారు. ద్రావిడుల కథానాయకుడు రాజేంద్ర చోళుడు. ఈయన కూతురు అమ్మంగదేవిని చేసుకున్నవాడే పైన చెప్పిన రాజరాజనరేంద్రుడు. అంటే ఆటలో మనం నడిపించేది నన్నయ రాజుగారి మామగారిని. ఇంత దగ్గరి చుట్టరికమున్నా ఈ ద్రావిడులు మాట్లాడేది తమిళమే. తెలుగు వినాలని చెవి ఒగ్గినవాడికి నిరాశ తప్పదు.

నిరాశ ఇంకోటి కూడా ఉంది. ద్రావిడులకు ఓడల బలం ఎక్కువ, బరువైన అశ్వదళం లేదు. కర్నూలుకు సముద్రం లేదు. గుర్రాలా, అరబ్బీ గుర్రాల కోసం విజయనగర రాయలు ఖజానా గుమ్మరించిన సీమ ఇది. ఆ లెక్కన మనకు మిగిలేదేమిటని అడిగితే, యుగం మారినప్పుడల్లా ద్రావిడులకు రెండు వందల కట్టెలు ఉచితంగా వస్తాయి. మూడు పొలాలు వేసుకోగా ఇరవై కట్టెలు మిగులుతాయి. వాన రాని ఊళ్ళో ఇంతకంటే ఏం కావాలి?

మూడోదాని విశేషం

మాటెత్తాకు అన్నాడు గనక క్లుప్తంగా ఎత్తుతాం. మూలకర్త కోపానికి కారణం ఊహించవచ్చు: ఇందులో కొట్టిన కట్టెను మోసుకుపోయి కొట్టంలో వేసే పని లేదు, కొట్టిన చోటే లెక్కలో పడిపోతుంది. కష్టం కళ్ళకు కనబడని సేద్యం ఆయనకు నచ్చలేదు. కాని ఈ పర్వానికి అన్యాయం జరిగిందని టీకాకారుడి అభిప్రాయం. ఇందులో 'హోమ్ సిటీ' అని ఎక్కడో సముద్రానికి అవతల సొంత పట్టణం ఒకటుంటుంది. నువ్వు ఇక్కడ గుడిసె వేసుకుని తిప్పలు పడుతుంటే, ఉండుండి అక్కడి నుంచి సరుకు దిగుతుంది: ఒకసారి కట్టెలు, ఒకసారి మనుషులు, ఒకసారి పెట్టెనిండా బంగారం. రాయచోటిలోనో రాజంపేటలోనో పుట్టి, కువైట్‌లో ఉన్న చిన్నాయన పంపే డబ్బుతో ఇంటికి శ్లాబు వేసుకున్నవాళ్ళకు ఈ ఏర్పాటు పుట్టుకతో తెలుసు. మోసేది మనిషే గాని మోత ఇంట్లోవాళ్ళకు కనబడదు, అంతే.

2007 నాటి అనుబంధంలో భారతీయులు వచ్చారు, చార్మినార్ కూడా వచ్చింది. అందులో మనుషుల్ని తిండితో కాక కట్టెలతో పుట్టించాలి. దీని మీద వ్యాఖ్యానం చేయడానికి మాకు శక్తి చాలదు.

నాలుగోదాని విశేషం

కెనడాలోని రెలిక్ ఎంటర్‌టైన్‌మెంట్ చేసింది ఇది. యాభై జీబీల జాగా, కనీసం ఎనిమిది జీబీల ర్యామ్ కోరుతుంది. యాభై జీబీలు ఖాళీ చేయాలంటే పెదనాన్న కూతురి పెళ్ళి వీడియో చెరిపేయాలి, ఇంట్లో ఒప్పుకోరు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి ఆ ర్యామ్ ఉంది గనక మూలవాక్యానికి కాలదోషం పట్టిందని నవీనుల ఆక్షేపణ. లాగుతుంది, కాదనం. అన్నీ తగ్గించి, నీడలు తీసేసి, నీళ్ళను రంగు కాగితంలా చేసుకుంటే లాగుతుంది. అంత చేశాక కనిపించేది రెండోదాని కంటే అన్యాయంగా ఉంటుందన్నదే మూలకర్త మాటలోని ధ్వని.

అయినా ఒక్క గుణం చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. ఇందులో ఢిల్లీ సుల్తానులని ఒక జాతి ఉంది. వాళ్ళకు విద్యలన్నీ ఉచితం, పైసా ఖర్చు లేదు. కాని నత్తనడక. వేగం పెంచాలంటే ఒకటే ఉపాయం: పండితుల్ని పోగుచేసి మసీదులో కూర్చోబెట్టాలి. ఎంత మంది కూర్చుంటే పని అంత త్వరగా అవుతుంది. పండితుల్ని ఊరికే కూర్చోబెడితే రాజ్యానికి లాభమని లెక్కవేసి చూపించిన ఆట మా ఎరికలో ఇదొక్కటే. ఆ ఒక్క కారణానికి టీకాకారుడు నాలుగోదాన్ని క్షమించాడు. డబ్బా క్షమించలేదు.