అమ్మకు ఆదివారం ఏదీ?

మా ప్యాపిలిలో ఆదివారం పొద్దున ఇప్పుడు మొదట వినబడేది గుడి గంట కాదు, కుక్కర్ కూత. ఆరు కాకముందే కోడికూర అంగళ్ల ముందు జనం గుంపు కట్టి ఉంటారు. ఇంట్లో తల్లి అప్పటికే వారం రోజుల బట్టలు నానబెట్టి, అల్లం వెల్లుల్లి నూరి, మసాలాకు కొబ్బరి కోస్తూ ఉంటుంది. పెద్దవాడికి కాలేజీలో ఆదివారమే పరీక్ష, ఏడింటికల్లా వాడికి బాక్సు కట్టివ్వాలి. చిన్నదానికి జడ వేయాలి. మామకు కాఫీ, అత్తకు మాత్రలు. ఇవన్నీ ముగించి, తడి జుట్టు ముడేసుకుని ఆరాధనకు పరిగెత్తుకొస్తుంది. వాక్యం సగంలో ఉండగానే తల వాలిపోతుంది. అది చూసి సంఘ పెద్దలు మొహం చిట్లిస్తారు. నాకు ఆ బిడ్డ మీద కోపం లేదు. ఆమెను ఆ తీరున గుడికి పంపిన ఇంటి మీద ఉంది. ఆమె కునికిందని కనిపెట్టి, ఎందుకు కునికిందో అడగని సంఘం మీద ఉంది.

నేను ఈ ఊళ్లో పుట్టి, ఈ చుట్టుపక్కల బళ్లలోనే పాఠాలు చెప్పి ముసలిదాన్నయ్యాను. అప్పుడు మాది కర్నూలు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి నంద్యాల జిల్లా. జిల్లా మారినందుకు నాకేం బాధ లేదు. ఆదివారం మారిపోయింది, నా బాధంతా దానికే.

మా రోజుల్లో ఆదివారం శనివారం మధ్యాహ్నమే మొదలయ్యేది. ఆ పూట కూలి నుంచి త్వరగా వచ్చేసేవాళ్లు. అమ్మ విసురురాయి ముందు కూర్చుని రెండు రోజులకు సరిపడా జొన్నలు విసిరేది. మేం పిల్లలం బావి నుంచి నీళ్లు మోసి తొట్టి నింపేవాళ్లం. నాయన కందికట్టె విరిచి పొయ్యి పక్కన పేర్చేవాడు. పశువులకు మేత తెచ్చి పెట్టడం అన్న పని. ఇల్లు అలికాక, మాకందరికీ సీకాయతో తలలు రుద్ది నీళ్లు పోసేది అమ్మ. గుడికి కట్టుకునే చీర ఉతికి ఆరేసి, మడత పెట్టి తలదిండు కింద ఉంచేది, ఇస్త్రీ లేని కాలం మరి. పొద్దు గూకేలోపల రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టి, రోట్లో ఊరిబిండి నూరి చట్టిలో పెట్టేది. దీపం ముట్టించాక ఇంట్లో ఎవరూ పని పేరెత్తేవాళ్లు కాదు.

ఆదివారం పొయ్యి వెలిగేది పిల్లలకు ఇంత గంజి కాయడానికే. గుడి దగ్గర వేపచెట్టుకు వేలాడదీసిన రైలుకమ్మి ముక్కను ఉపదేశి మూడుసార్లు కొట్టేవాడు. మూడో గంటకు అందరం చాపల మీద ఉండాలి. ప్రతి పూటా వండేటప్పుడు పిడికెడు తీసి కుండలో దాచిన గింజలు అమ్మ చెంగులో కట్టుకొచ్చి కానుకగా పోసేది. ఆరాధన అయ్యాక మగవాళ్లు ఇంటిదారి పట్టినా ఆడవాళ్లు కదిలేవాళ్లు కాదు. చెట్టు కింద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ, పురుటి కబుర్లు, పుట్టింటి కబుర్లు చెప్పుకుంటూ మధ్యాహ్నం దాకా ఉండేవాళ్లు. చదువొచ్చిన ఒకామె మిగతావాళ్ల ఉత్తరాలు చదివి పెట్టేది. ఇంటికొచ్చి సద్ది రొట్టె, ఊరిబిండి, ఉంటే ఇంత పెరుగు. మాంసం క్రిస్మస్‌కు, ఈస్టరుకు, పెళ్లికి. ఆ సద్ది తిని మా అమ్మ వసారాలో కాళ్లు చాపుకుని పడుకునేది. పగటిపూట మా అమ్మ పడుకోగా నేను చూసింది ఆదివారాలే.

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. శనివారం ఆమె నడుం విరిగేది, నిజమే. కానీ ఆ పనికి ఒక చివర ఉండేది. దీపం పెట్టే వేళకు అయిపోయేది. అందులో నాయన పాలు ఉండేది, మా పిల్లల పాలు ఉండేది. ఇప్పుడు మిక్సీ వచ్చింది, గ్యాసు వచ్చింది, కుళాయి వచ్చింది. పని తగ్గింది, కానీ చివర లేకుండా పోయింది. ఇంటిల్లిపాదీ పంచుకున్న పనంతా ఒక్కదాని నెత్తిన పడింది.

ఈ ఆదివారం మనకు ఊరికే రాలేదని ఇప్పటి పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టిన మిషనరీ జాన్ క్లౌ దొర, మాదిగపల్లెల్లో యేసును నమ్ముతామని వచ్చినవాళ్లకు మూడే మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడింట్లో ఊరి పెత్తందార్లకు ఎక్కువగా తగిలింది మొదటిదే. చేనికి నీళ్లు తోడే కపిల బాన కుట్టేది మాదిగలే, చెప్పులు కుట్టేది వాళ్లే, జాతరకు డప్పు కొట్టేది వాళ్లే. పిలిస్తే రావడమే తప్ప రానని చెప్పే దారి ఆ మనుషులకు లేదు. అలాంటివాళ్లు వారంలో ఒకరోజు మాది, ఆ రోజు రాము అన్నారు. యర్రగుంట్ల పేరయ్యలాంటి తొలి విశ్వాసుల కాలంలో అందుకు వాళ్లను బావుల దగ్గరికి రానివ్వలేదు, వీధుల్లో నడవనివ్వలేదు. అయినా ఆదివారాన్ని వదల్లేదు.

మా వైపు మిషన్లు వేరువేరు. ముత్యాలపాడు, నంద్యాల వైపు ఎస్.పి.జి. వాళ్లు, గుత్తి వైపు లండన్ మిషను వాళ్లు, కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు. వీళ్లందరి నడుమ ఉన్న ఊరు మాది. మిషను ఏదైనా పల్లె బతుకు ఒకటే. ఆసామి మనిషి వాకిట్లోకొచ్చి పిలిస్తే మా అవ్వ గడప దాటకుండానే, "ఈ పొద్దు ఆదివారం సామీ, రేపు కోడి కూసేసరికి చేన్లో ఉంటాం" అనేదంట. శెనక్కాయ పీకే కాలంలో, మొగులు పట్టి వాన వచ్చేలా ఉన్న రోజున కూడా ఆ మాటే. ఆ మాట చెప్పినందుకు మర్నాడు కూలి దొరకని వారాలున్నాయి. రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో ఆదివారం సెలవు చట్టం చేసినప్పుడు, విత్తే అదును పోతుందని సేద్యగాళ్లను మినహాయించాడు. చక్రవర్తి ఇచ్చిన ఆ మినహాయింపును కూడా మా అవ్వ తీసుకోలేదు.

ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయం తీసి చదవండి. విశ్రాంతి దినం ఎందుకో అక్కడ కారణం ఉంది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, మిమ్మల్ని విడిపించాను, అది మరచిపోవద్దు అని. మన పల్లెల్లో ఆ అధ్యాయాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. వెట్టి చేసినవాళ్లకు అది చటుక్కున అర్థమైంది. ఆ ఆజ్ఞలోనే ఎవరెవరు పని మానాలో వరుసగా ఉంది. నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ ఎద్దు, నీ గాడిద, నీ ఇంట ఉన్న పరదేశి. భార్య విడిగా కనబడదు. 'నీవు' అన్నదాంట్లోనే ఆమె కూడా ఉందని పెద్దలు చెబుతారు. సరే, ఒప్పుకుంటాను. మరి ఎద్దుకు కాడి దించినవాళ్లు ఆమె చేతిలోని గరిటె ఎందుకు దించలేదు? దాసి కూడా కూర్చోవాల్సిన రోజున ఇంటి తల్లి ఎందుకు నిలబడి ఉంది?

ఆడవాళ్లకు విశ్రాంతి ఎలా కుదురుతుందో దేవుడు అరణ్యంలోనే చూపించాడని నా నమ్మకం. నిర్గమకాండం పదహారో అధ్యాయంలో మన్నా ఆరో రోజు రెండింతలు దొరికేది. మిగతా రోజుల్లో మర్నాటికి దాస్తే పురుగు పట్టేది, విశ్రాంతి దినానికని దాచింది మాత్రం చెడలేదు. మా అమ్మ గుడ్డలో చుట్టిన రొట్టె అదే. ముందురోజు ఏర్పాటు లేకుండా విశ్రాంతి లేదు, ఆ ఏర్పాటు ఇంటిల్లిపాదీ చేయాలి. ఇంత తేలిక సంగతి మీద మన గుళ్లలో ఒక్క ప్రసంగం నేను వినలేదు.

ప్రసంగాలు మాత్రం తక్కువేమీ లేవు. శుక్రవారం ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా కూడిక, ఆదివారం రెండు ఆరాధనలు, ఆపైన ఉజ్జీవ సభలు. బయటినుంచి దైవజనులు వస్తే ప్రేమవిందు. ఆ విందుకు బియ్యం ఏరేది ఎవరు, గిన్నెలు తోమేది ఎవరు? గుడి ఊడ్చి చాపలు పరిచేది ఎవరు? మా కాలంలో ఆదివారం గుడి చాప మీద కూర్చునే రోజు. ఇప్పుడు ఆడవాళ్లకు అది గుడిలోనూ పనిదినమే. లాక్‌డౌన్‌లో ఆరాధన ఫోన్‌లోకి వచ్చింది. అప్పుడు తప్పలేదు. లాక్‌డౌన్ పోయినా కొందరు తల్లులు ఇంకా పొయ్యి గట్టున ఫోన్ ఆనించి, ఉల్లిపాయలు తరుగుతూ వాక్యం వింటున్నారు. వాళ్లను సోమరులంటే నేను ఊరుకోను. గుడికొచ్చి తిరిగివెళ్లే సమయం ఇల్లు వాళ్లకు ఇవ్వడం లేదు.

ఆదివారం ఆగని పనులు ఇప్పుడు చాలా ఉన్నాయని నాకు తెలుసు. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు హైబ్రిడ్ పత్తి విత్తనాల చేలలో క్రాసింగ్ పని ఉంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగపువ్వు తెచ్చి అద్దాలి. సీజన్ పొడుగునా రోజూ అదే. పువ్వు ఆదివారమని ఆగదు. ఆ పని ఎక్కువగా చేసేది ఆడవాళ్లే. మా ఊరి పక్కనే 44వ నంబరు జాతీయ రహదారి, దాని మీద హోటళ్లకు వారం వర్జ్యం లేదు. మన పిల్లల్లో నర్సులున్నారు, రోగాలకూ సెలవు లేదు. మా మనవరాలు నర్సే. "అవ్వా, నాకు ఆఫ్ వచ్చేది బుధవారం. వారం పనంతా ఆ రోజుకే పోగేసి పెడతారు" అంటుంది. పువ్వు ఆగకపోతే పోనీ, రోగి ఆగకపోతే పోనీ. అలాంటి తల్లికి బుధవారమే ఆదివారమనుకుని ఇల్లు ఆ రోజు ఆమెను పడుకోనివ్వాలి. ఇంటివాళ్లు చేయగలిగిన ఆ ఒక్కటీ చేయడం లేదనే నా గొడవ.

ఆదివారం కోసం కొట్లాడింది మన పల్లెలే కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనివాళ్లకు ఆదివారం సెలవు 1890లో గానీ రాలేదు. నారాయణ మేఘాజీ లోఖండే వేల మంది కూలీలను కూడగట్టి, ఏళ్ల తరబడి అడిగి సాధించాడు. ఖండోబా దేవుణ్ణి కొలిచే రోజు కూడా అదేనని ఆయన వాదించాడు. క్రైస్తవులైనా కాకున్నా ఒళ్లొంచి పనిచేసేవాళ్లందరికీ ఆ రోజు కావలసి వచ్చింది. మిల్లు కూలీకి ఒక సంఘం ఉంది, కొట్లాడి తెచ్చుకున్నాడు. వంటింట్లో తల్లికి ఏ సంఘం ఉంది? క్రైస్తవ సంఘమే ఆమె సంఘం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2024లో జనం రోజంతా ఏం చేస్తున్నారో లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు దానికి పెడుతున్నారట. 289 నిమిషాలంటే దాదాపు ఐదు గంటలు. పగలంతా చేన్లోనో ఆఫీసులోనో పనిచేసి వచ్చినామె ఆ ఐదు గంటలు ఎక్కడినుంచి తెస్తుంది? నిద్రలోంచి తెస్తుంది, ఆదివారంలోంచి తెస్తుంది.

పెత్తందారు ముందు నిలబడి రానని చెప్పిన మనుషుల మనవళ్లం మనం. బావి నీళ్లు పోగొట్టుకుని వాళ్లు నిలబెట్టుకున్న రోజును మనం కోడికూరకు ఇచ్చేశాం, కాలేజీ పరీక్షకు ఇచ్చేశాం. అడిగినవాళ్లకల్లా కాదనకుండా ఇచ్చేస్తున్నాం. అందులో తల్లి పాలును ఆమెను అడగకుండానే ఇచ్చేశాం.

అందుకని ప్యాపిలిలో, డోన్‌లో, నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఉన్న మన మగవాళ్లకు ఒక మాట. ఆదివారం కూర కావాలంటే శనివారం రాత్రి మీరు వండి పెట్టండి. ఫ్రిజ్ ఉంది, చెడదు. మా నాయన కట్టె విరిచినట్టు మీరు బట్టలు మిషన్లో వేయండి, గిన్నెలు తోమండి, పిల్లలకు తలకు పోయండి. ఆదివారం మధ్యాహ్నం పెరుగన్నం, ఊరిబిండి చాలు. తిన్నాక ఆమె పడుకుంటే ఎవరూ లేపకండి. పాస్టరు గార్లూ, మీరు భోజనానికి వస్తున్నామని ఆదివారం ఏ ఇంటికీ కబురు పెట్టకండి. వచ్చే నెలలో ఒక ఆదివారం నాలుగో ఆజ్ఞ మీద మాట్లాడండి, మగవాళ్ల వైపు తిరిగి మాట్లాడండి.