నీలాపనింద

వినాయక చవితినాడు చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయని మా అమ్మ భయపెట్టేది. ఆవిడ మాట విని అరవై చవితులు తల వంచుకునే గడిపాను. అయినా నీలాపనింద రానే వచ్చింది. అదీ సంక్రాంతి నెలలో, అక్షరాలా నీలం మూలంగా. ఖరగ్‌పూర్ మలంచాలో నేను నాటుసారా కాస్తున్నానని మా వీధి వీధంతా నమ్మింది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో 36 ఏళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి మూటాముల్లే సర్దుకుని వచ్చినవాళ్ళలో మా తాత ఒకడు. "రెండేళ్ళు చూసి ఊరెళ్ళిపోదాం" అన్నాట్ట. ఆ రెండేళ్ళు ఇంకా అవలేదు. క్వార్టరు ఖాళీ చేశాక చాలామందిలాగే మేమూ మలంచాలో గూడు కట్టుకున్నాం. మా వీధిలో తెలుగు, బంగ్లా, హిందీ, ఒడియా నాలుగూ నడుస్తాయి. కబురు మాత్రం ఏ భాషా అక్కర్లేకుండానే పరిగెడుతుంది.

పండక్కి హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయి సంచీలోంచి ఒక పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. "నాన్నా, టీవీతో దెబ్బలాడుతూ కూర్చునే బదులు షిబోరీ నేర్చుకో" అంది. షిబోరీ అంటే జపాను వాళ్ళ జిలేబీ కాబోలనుకున్నాను. పొట్లంలో నల్లటి నీలం పొడి.

షిబోరీ అంటే పిండడం, బిగించడం అనే మాటలోంచి వచ్చిందట. గుడ్డని ముడేసో, కుట్టో, మడిచి చెక్కల మధ్య నొక్కో నీలిలో ముంచుతారు. బిగించిన చోటికి రంగు చేరదు. విప్పితే నీలం మీద తెల్లటి పువ్వులు.

"మన పోచంపల్లి చిటికి లాంటిదే కదే!" అన్నాను.

"చిటికిలో నూలుకే ముందు ముళ్ళేసి, రంగులో ముంచి, తర్వాత నేస్తారు నాన్నా. ఇక్కడ నేసిన గుడ్డకి ముళ్ళు."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు వినబడింది. "మీ నాన్నకి ముళ్ళు అప్పగించకే. నాకు వేసిన మూడింట్లో రెండు పంతులుగారే బిగించారు."

ఆవిడకి ఇంకో అనుమానం కూడా ఉంది. ఇంట్లో ఉజాలా సీసా ఉండగా ఈ పొడెందుకని. మా అమ్మ కాలంలో తెల్లబట్టలకి రాబిన్ బ్లూ పెట్టి దాన్ని నీలిమందు అనేవాళ్ళం కానీ, అది నీలిమొక్కకి ఏమీ కాదు. అది బట్ట మీద కూర్చుని మళ్ళీ ఉతుక్కి లేచిపోయే చుట్టం. అసలు నీలి నూలు పోగులోకి దూరిందంటే గుడ్డ చిరిగేదాకా ఉంటుంది.

దూరడమే దానికి కష్టం. నీలి నీళ్ళలో కరగదు. ఎంత కలిపినా బురదలా అడుక్కి చేరుతుంది. సున్నపు నీళ్ళలో పెట్టి దాన్లోని ప్రాణవాయువుని లాగేయాలి. అప్పుడు నీలం రంగు మానేసి, పసుపుపచ్చ వేషం వేసుకుని కరుగుతుంది. ఆ లాగే పని కంటికి కనబడని పురుగులు చేస్తాయి. వాటికి తిండి పెట్టాలి, చలెయ్యకుండా చూసుకోవాలి. పూర్వం మన దక్షిణాదిన తగిరిస గింజలు ఉడకేసి, సున్నం కలిపి బానలో పులియబెట్టేవాళ్ళు. మేమూ అదే పట్టాం. రైలు కట్ట పక్కన ఎండిన తగిరిస కాయలు కోసుకొచ్చాను. ముప్ఫై లీటర్ల డ్రమ్ము పెరటి రేకుల కింద వెలిసింది. కనుమ మర్నాడు మా అమ్మాయి రైలెక్కుతూ, "రోజుకి రెండుసార్లు మెల్లగా తిప్పు, వేడి తగ్గనీకు, నీరసంగా కనిపిస్తే కాస్త బెల్లం వెయ్యి" అని చెప్పింది. నన్ను కన్నప్పుడు మా అమ్మకి కూడా ఎవరూ ఇన్ని జాగ్రత్తలు చెప్పి ఉండరు.

జనవరి రాత్రుళ్ళు ఇక్కడ చలి బాగానే కొరుకుతుంది. డ్రమ్ముకి నా రజాయి కప్పాను. పక్కన వంద వాట్ల బల్బు పెట్టి తెల్లార్లూ వెలిగించాను. అరిసెలకి తెచ్చి మిగిలిన బెల్లం మూడు రోజుల్లో ఖాళీ. పక్కింటి బౌదీ, అంటే వదినగారు, పండక్కి ప్రేమగా ఇచ్చిన ఖర్జూరపు బెల్లం, వాళ్ళు నలెన్ గుడ్ అంటారు, ఏడాదికోసారి శీతాకాలంలో దొరికే అమృతం, అది కూడా డ్రమ్ములో వేశాను. ఈ పాపం ఇప్పటికీ బౌదీకి తెలియదు. తర్వాత గోల్ బజారుకి పోయి ఐదు కిలోలు అడిగాను.

"పండగైపోయింది కదా, ఇంకా అరిసెలేటండీ?" అన్నాడు కొట్టతను.

"అరిసెలకి కాదు, డ్రమ్ములోకి" అన్నాను. అక్కడే దొరికిపోయాను.

నాలుగో రోజుకి వాసన లేచింది. మురిగిన కుడితినీ కొత్తగా సున్నం వేసిన గోడనీ కలిపి ఊహించుకోండి. ఆరో రోజుకి నురగ కట్టింది. రాత్రంతా దీపం, రజాయి కప్పిన డ్రమ్ము, కిలోల కొద్దీ బెల్లం, పులిసిన కంపు, వేళగాని వేళ లేచి కర్రతో తిప్పే పింఛనుదారు. ఇన్ని సాక్ష్యాలు ఉండగా నా మీద అనుమానం రాకపోతే మా వీధివాళ్ళ తెలివిని నేనే అనుమానించాలి.

ఏడో రోజున పక్కింటి దాదా వచ్చాడు. మఫ్లరుతో ముక్కు మూసుకుని, "కీ హొచ్ఛే, దాదా?" అన్నాడు. ఏం జరుగుతోందని. చోలాయి, అంటే నాటుసారా, అనే మాట నోటి దాకా వచ్చి ఆగింది, పెద్దమనిషి. నేను కంగారులో నిజం చెప్పేస్తే గండం గట్టెక్కుతుందనుకున్నాను. ఇది జపాను విద్య అన్నాను. అక్కడ తొకుషిమాలో నీలి ఆకుని దాదాపు వంద రోజులు మాగబెట్టి, బూడిద నీళ్ళూ గోధుమ తవుడూ వేసి పులియబెడతారన్నాను. ఈ నురగని వాళ్ళు నీలిపువ్వు అంటారన్నాను. ఆగితే పోయేది. "బాన బలంగా ఉండాలని బియ్యపు సారా కూడా పోస్తారు" అని చేర్చాను.

దాదా చూపు డ్రమ్ము మీద నుంచి నా మీదికీ, నా మీద నుంచి డ్రమ్ము మీదికీ నడిచింది.

"సారా కాదు దాదా, నీల్! నీల్!" అని రజాయి తీసి చూపించాను. అది ఇంకా పెద్ద తప్పు. బెంగాలీ ముందు నీల్ అనే మాట అనకూడదు. సారా అయితే పోలీసులకి చెప్పి ఊరుకునేవాడు. నీల్ అనేసరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెల్లదొరలు బయానా అంటగట్టి, వరి పండే మళ్ళలో నీలి వేయించిన రోజులు మొదలుకొని 1859లో నదియా రైతులు ఇక వెయ్యమని తిరగబడ్డ దాకా వచ్చాడు. మా ఆవిడ టీ ఇచ్చింది. 1860లో దీనబంధు మిత్ర 'నీల్ దర్పణ్' నాటకం అచ్చయింది. దాని ఇంగ్లీషు అనువాదం అచ్చువేయించినందుకు మరుసటేడు పాదరీ జేమ్స్ లాంగ్‌కి నెల జైలు, వెయ్యి రూపాయల జరిమానా పడ్డాయి. ఆ వెయ్యీ కాళీప్రసన్న సింహ కట్టేశాడు. ఈ ముక్క చెప్పేటప్పుడు దాదా గొంతు తడిసింది, జరిమానా కట్టింది తానే అన్నట్టు. రెండో టీ వచ్చింది. గంటన్నరలో నేను సారా బట్టీవాడి నుంచి నీల్‌కర్ సాహెబు, అంటే నీలి తోటల దొర, దాకా ఎదిగాను.

పాఠం అయ్యాక, "సరే, చూపించు" అన్నాడు.

నా తెల్ల జేబురుమాలు తీసి చిటికెడు చిటికెడు గుడ్డ గిల్లి దారం చుట్టాను. జపాను వాళ్ళు దీన్ని కనోకో అంటారు, జింకపిల్ల మచ్చలు. వాళ్ళు పట్టు కిమోనో నిండా ఈ ముళ్ళు వేస్తూ నెలలూ ఏళ్ళూ గడుపుతారు. నేను పదకొండు వేసి నడుం పట్టుకున్నాను. రుమాలు తడిపి పిండి, బుడగ రాకుండా నురగ పక్కకి జరిపి డ్రమ్ములోకి దించాను. బుడగ వస్తే గాలి దూరినట్టే, గాలి దూరితే లోపల కరిగిన నీలి మళ్ళీ మొండికేస్తుంది. లోపలే మెల్లగా నలిపి, ఐదు నిమిషాలకి పైకి తీశాను.

పెసరట్టు రంగులో వచ్చింది.

"నీల్ కొయ్?" అన్నాడు దాదా. నీలం ఏదీ అని.

ఉండమన్నాను. ముందు అంచులు మారాయి. తడి ఆరకుండానే పెసరట్టు కాస్తా గోంగూర ఆకైంది. ముడతల మీదుగా పచ్చ వెనక్కి జరుగుతుంటే నీలం ముందుకొచ్చింది, గుమ్మంలోంచి నీడ జరిగినట్టు. రెండు నిమిషాల్లో రుమాలంతా మా వర్క్‌షాపు చొక్కా రంగు. ముంచింది డ్రమ్ములో అయినా రంగు వేసింది గాలే. దాదా మఫ్లరు ముక్కు మీంచి ఎప్పుడు జారిందో ఆయనకీ తెలియదు. ముళ్ళు విప్పితే పదకొండు తెల్లటి వలయాలు, ఒక్కోటీ ఒక్కో సైజు.

ఈ పొగరుతో మర్నాడు చెక్కల పద్ధతికి దిగాను, ఇతాజిమే. మడిచిన తుండుగుడ్డని రెండు చెక్కల మధ్య పెట్టి బిగించాలి. బిగించడం నా వృత్తి. జీ-క్లాంపులు రెండేసి, స్పానరుతో ఆఖరి మర దాకా తిప్పాను. నాలుగు ముంపులు ముంచి విప్పితే, అంచున సన్నటి నీలి గీత తప్ప తుండుగుడ్డ పాలలా తెల్లగా నవ్వింది. వ్యాగను చక్రం ఊడకుండా బిగించే చేత్తో గుడ్డ బిగించకూడదని 36 ఏళ్ళలో ఏ ఫోర్‌మనూ చెప్పలేదు. అరాషీ అంటే తుఫాను, గుడ్డని గొట్టానికి ఏటవాలుగా చుట్టి దారం వేసి కిందికి కుక్కితే వాన జల్లులా గీతలు వస్తాయి. అది మాత్రం బోరు వేసినప్పుడు మిగిలిన పీవీసీ గొట్టం మీద మొదటిసారికే కుదిరింది. తుఫాన్లు శ్రీకాకుళం వాళ్ళకి కొత్తా?

ఇప్పుడు నగోయా నగరంలో కలిసిపోయిన అరిమాత్సు అని ఊరుంది. 1608లో తొకైదో రహదారి మీద వెలిసింది. ఆ దారిన పోయే బాటసారులకి ఇలాంటి తుండుగుడ్డలు అమ్మి పేరు తెచ్చుకుంది. ఈ సంగతి మా అమ్మాయి ఫోనులో చెప్పగానే ఆ ఊరి మీద నాకు బంధుప్రీతి కలిగింది. వచ్చేపోయేవాళ్ళ మీద బతకడం జంక్షన్ ఊరివాళ్ళకి నేర్పాలా? మా ప్లాట్‌ఫారం 1,072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదన్న బిరుదు 2013లో గోరఖ్‌పూర్ ఎత్తుకుపోయింది. ఆ ప్లాట్‌ఫారం మీద నా తుండుగుడ్డలు అమ్మే ఆలోచన ఒకటి మా ఆవిడ చెవిన వేశాను. ఆవిడ జవాబు ఇక్కడ రాయను.

చేతులు మిగిలాయి. తొడుగులు వేసుకోమని మా అమ్మాయి ముందే చెప్పింది, నేను ఫిట్టర్నని విననేలేదు. చర్మం మీద నీలి వారంలో వదిలింది కానీ గోళ్ళు వదల్లేదు. బ్యాంకు వరసలో వెనకాయన నా పది వేళ్ళూ చూసి, "ఎన్ని బూతుల్లో వేశారండీ ఓటు?" అన్నాడు. పంచతంత్రంలో నీలి బానలో పడ్డ నక్క కనీసం నాలుగు రోజులు రాజ్యమేలింది.

దాదా నాకు మంచి సాక్షే గానీ వీధి చివరి దాకా ఆయన మాట చేరలేదు. మొన్న రాత్రి తొమ్మిదింటికి పెరటి తలుపు చప్పుడైంది. వర్క్‌షాపులో నాతో పాతికేళ్ళు చేసిన మా ఊరాయన. శాలువా కింద ఏదో దాచాడు.

"బావా, ఇన్నాళ్ళ స్నేహం. నాకు కూడా చెప్పలేదేటి?" అని ఖాళీ సీసా తీశాడు.

మాటలతో లాభం లేదని చేయి పట్టుకుని డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన రుమాలే అడిగి, నాలుగు ముళ్ళేసి ముంచి తీశాను. బల్బు వెలుగులో పచ్చ నీలమయ్యే దాకా కళ్ళార్పకుండా చూశాడు. ముళ్ళు విప్పి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బాగుంది బావా, చానా బాగుంది" అన్నాడు. కాసేపాగి సీసా వైపు చూసుకున్నాడు. "అయితే తాగడానికి ఏటీ లేదేటి?"